ఇస్సాకు బావుల పేర్లు

బైబిల్లో ఆదికాండం 26వ అధ్యాయం వచ్చినప్పుడు మా సండేస్కూల్లో చాలామంది టీచర్లు గెరారు రాజు అబీమెలెకు కథ చెప్పేసి, బావుల దగ్గర గబగబా పేజీ తిప్పేస్తారు. నాకు ఆ బావులే ముఖ్యం. మా నాన్నగారు నర్సాపురం వైపు కాలువ మీద లస్కరుగా, అంటే నీళ్ళ వంతులు చూసే పనివాడిగా చేసేవారండి. దాళ్వా (రెండో పంట) వంతుల్లో ఎగువ రైతులు రాత్రికి రాత్రి అడ్డుకట్ట వేస్తే, తెల్లారేసరికి శివారు రైతులు మా గుమ్మం ముందుండేవారు. అందుకే గెరారు కాపరులు "ఆ నీరు మాదే" అన్నారని చదివితే నాకు ఆ గొంతులు కూడా వినపడతాయి.

అబ్రాహాము కొడుకు ఇస్సాకు పనివాళ్ళు తవ్విన బావికి ఏశెకు అని పేరు. జగడం అని అర్థం. ఆ తర్వాతిది శిత్నా, అంటే విరోధం. సాతాను అనే మాటదీ అదే ధాతువు. ఇంకొకటి తవ్వితే ఎవరూ గొడవకు రాలేదు, దానికి రహెబోతు అన్నాడు. ఎడం, విశాలం అని. మనకి కాస్త తవ్వితే నీళ్ళు పడతాయి, సముద్రం దగ్గరికెళ్తే అవి ఉప్పన, అంతే తేడా. అక్కడ అలా కాదు. బెయేర్షెబా పాతఊరి దిబ్బ మీద తవ్వకాల్లో బయటపడ్డ బావి లోతు దాదాపు 70 మీటర్లు. అంత కష్టపడి తవ్వింది వదిలేసి వెళ్ళాలంటే మనిషి ఏదో ఒక పేరు పెట్టకుండా ఎలా పోతాడు?

బెయేర్షెబాలో 'బెయేర్' అంటే బావి. మిగతా సగమే చిక్కు. హెబ్రీలో ఏడుకీ ప్రమాణం చేయడానికీ ఒకటే ధాతువు. 21వ అధ్యాయంలో అబ్రాహాము ఏడు గొఱ్ఱెపిల్లల్ని వేరుగా నిలబెట్టాడు, అక్కడే ప్రమాణమూ చేశాడు. రెండూ కలిశాయి. 26కి వచ్చేసరికి ఇస్సాకు బావి షేబ వల్ల ఆ ఊరికి ఆ పేరు వచ్చిందంటుంది. ఏది నిజం అని పెద్ద క్లాసు పిల్లలు అడుగుతారు. రెండూ రాసిపెట్టారు కదా, రెండూ చదువుకోండి అంటాను.

బాబెలు అనే ఊరిపేరు ఇంకా తమాషా. బబులోను వాళ్ళ పాత భాష అక్కదులో అది 'దేవుని ద్వారం'. ఆదికాండం మాత్రం భాషలు తారుమారు చేయడం అనే హెబ్రీ మాట చప్పుడు అందులో విన్నది. మన ర్యాలిలో మోహిని జడలో పువ్వు రాలింది కాబట్టి ర్యాలి అన్నట్టే. ఊరిపేరు చెవిన పడగానే కథ చెప్పడం మనకు కొత్తేం కాదు. అందుకే ఫోన్లో ఒక అర్థం చూసుకుని, దాని మీద గంట ప్రసంగం కట్టేవాళ్ళంటే నాకు కొంచెం చిరాకు. ఆ పేరు ఎవరు పెట్టారు, ఏ తగువులో పెట్టారు అన్నది వాళ్ళు చెప్పరు.

పేర్లు ఊళ్ళు కూడా మారతాయి. బేతేలు, అంటే దేవుని ఇల్లు, యెరూషలేముకు ఉత్తరాన ఉన్న ఊరు. అంతకుముందు దాని పేరు లూజు. ఇప్పుడు మా డెల్టాలో కాలువగట్టు మీద రేకుల షెడ్డుకీ బేతేలు మందిరం అని బోర్డు ఉంటుంది. 1890లో యూదు వలసదారులు ఒక ఊరు కట్టుకుని, ఇస్సాకు బావి పేరే తీసి రెహోవోత్ అని పెట్టుకున్నారు. అది ఇస్సాకు తిరిగిన దక్షిణాది ఎండు నేల నెగెబులో లేదు, టెల్ అవీవ్‌కి దక్షిణంగా ఉంది. బావి తవ్విన చోటు కాకపోయినా ఆ వచనం నచ్చి పెట్టుకున్న పేరది.