అభిసారికలో రహస్యం ఎక్కడుంది?

మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. పోయిన నెల థియరీ పరీక్ష కోసం అష్టవిధ నాయికల పేర్లు, అంటే ప్రేమలో ఉన్న స్త్రీ ఎనిమిది స్థితులకి పెట్టిన పేర్లు, బట్టీపడుతూ అభిసారిక దగ్గర ఆగి, "అమ్మా, ఈమె ఎవరు?" అని అడిగింది. "ప్రియుణ్ణి రహస్యంగా కలుసుకోవడానికి వెళ్ళే ఆవిడ" అన్నాను. గొంతు తగ్గించి అన్నానని ఆ తర్వాత గమనించుకున్నాను.

నా చిన్నప్పుడు ఈ మాట ఇంట్లో పైకి అనేవాళ్ళు కాదు. ఆ పేరుతో సెక్స్ విషయాలు రాసే పత్రిక ఒకటి ఉండేది. ఎవరింట్లో ఉన్నా పరుపు కిందే ఉండేది. అందుకే మా వయసు వాళ్ళలో చాలామందికి అభిసారిక అంటే దాచిపెట్టాల్సిన మాట.

మర్నాడు నాన్నకి ఫోన్ చేశాను. తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. నేను అడగడం పూర్తి కాకముందే సంస్కృత నిఘంటువు అమరకోశం అందుకున్నారు: "కాంతార్థినీ తు యా యాతి సంకేతం సాభిసారికా." ప్రియుణ్ణి కోరి సంకేతానికి వెళ్ళేది అభిసారిక. "ఇందులో రహస్యం అన్న మాట ఎక్కడుందమ్మా? వెళ్ళడమే ఉంది" అన్నారు.

నిజమే. 'అభి' అంటే వైపు, ఎదురుగా. 'సృ' ధాతువుకి కదలడం, పారడం అని అర్థం. ఒకరి వైపుగా సాగడం అభిసారం, అలా సాగే స్త్రీ అభిసారిక. ఆ ధాతువు నుంచే నదికి సరిత్ అన్న పేరు వచ్చింది. ప్రసారం, అనుసరించడం, చివరికి సంసారం కూడా దాని పిల్లలే. రోజూ నోట్లో నానే సంసారానికీ, నేను గుసగుసగా చెప్పిన అభిసారానికీ ఒకటే పుట్టిల్లని తెలిసి ఎంత సంతోషం వేసిందో!

మరి చాటు ఎక్కడినుంచి వచ్చింది? నాకు తోచినంతవరకు అది 'సంకేతం' వైపు నుంచి వచ్చింది. 'కేతనం' అంటే పిలుపు, గుర్తు. విజయకేతనంలో జెండా అయిందీ అదే. 'సం' చేరితే ఇద్దరూ కలిసి ఒప్పుకున్న గుర్తు. ఫలానా పొదరిల్లు, ఫలానా వేళ. ఆ ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ దాని అర్థం తెలియదు. గుర్తుకి ఉన్న పేరే మెల్లగా ఆ చోటుకీ వచ్చింది. అమరకోశంలో ఆమె వెళ్ళేది ఆ చోటుకే. 12వ శతాబ్దంలో జయదేవుడు గీతగోవిందంలో కృష్ణుడి వేణువు గురించి "నామసమేతం కృతసంకేతం" అన్నాడు. రాధ పేరు పలుకుతూ, రమ్మని గుర్తు చేస్తూ మోగుతోందట. ఆ పాట వినే ప్రతిసారీ ఈ ముక్క దగ్గర ఆగిపోతాను. ఇప్పుడేమో సంకేతం ట్రాఫిక్ దీపాలకీ, పాస్‌వర్డులకీ వెళ్ళిపోయింది. 'సాంకేతిక విద్య' అంటున్నప్పుడు యమునా తీరం ఎవరికి గుర్తొస్తుంది?

భరతుడి నాట్యశాస్త్రం చూస్తే ఇంకో సంగతి తెలిసింది. అభిసారికలందరూ చాటుగా వెళ్ళరు. కులస్త్రీ అయితే ఒళ్ళు ముడుచుకుని, తల వంచి, ముసుగు వేసుకుని వెళ్ళాలని భరతుడు చెప్పాడు. వేశ్య అయితే రకరకాల నగలు పెట్టుకుని, పరిజనం వెంట రాగా మెల్లగా నడవాలి. అంటే భయం నడకది కాదు, చుట్టూ ఉన్న ఇళ్ళది. తర్వాత కావ్యశాస్త్రం రాసిన ఆలంకారికులు బట్టల రంగు దాకా వెళ్ళారు. వెన్నెల రాత్రి తెల్లని చీర, చీకటి రాత్రి నల్లనిది. ఈ వివరం మాత్రం మా అమ్మాయికి తెగ నచ్చింది.

నోట్సులో 'రహస్యంగా' కొట్టేయించి, 'తానే బయలుదేరి' అని రాయించాను. మిగతా నాయికల్లో ఎక్కువమంది ఎదురుచూస్తారు, అలుగుతారు, ఏడుస్తారు. ఈమె మాత్రం గడప దాటుతుంది. మా పిల్లకి ముందు తెలియాల్సింది అదే అనిపించింది.

ప్రాక్టికల్ పరీక్షలో అభిసారికనీ, విప్రలబ్ధ అనే ఇంకో నాయికనీ వెంటవెంటనే అభినయించి చూపాలట. విప్రలబ్ధ కూడా సంకేతస్థలానికి వెళ్ళేదే, అతను రాడు. మా అమ్మాయికి టెన్షన్ పట్టుకుంది. నా చేతిలో ఫోన్ లాక్కుని, "తాతయ్యా, వెళ్ళేటప్పటి నడక ఇద్దరికీ ఒకేలా చెయ్యాలా, వేరేగానా?" అని అడిగింది.

"ఒకేలా చెయ్యి తల్లీ. అతను రాడని ఆమెకి ఇంకా తెలియదు కదా" అన్నారు నాన్న.