ముఖలింగం నుంచి సింహాచలం దాకా: మాఘ పౌర్ణమి మర్నాడే ఎందుకు బయల్దేరాలి

మడపాం వంతెన మీదికి వచ్చేసరికి ఇంకా పొద్దు పొడవలేదు. ఎదురుగా పడమటి దిక్కున బహుళ విదియ చంద్రుడు దిగిపోతున్నాడు. కింద వంశధార రెండు మూడు సన్నపాటి పాయలుగా పారుతోంది, మిగతాదంతా ఇసుక. ఇదే వంతెన మీద ఆశ్వయుజంలో నిలబడితే గట్టు నుంచి గట్టుకి ఎర్రనీళ్లు కనబడతాయి. అందుకు శ్రీకాకుళంలో చినుకు పడక్కర్లేదు. పైన ఒడిశా కొండల్లో రెండ్రోజులు కురిస్తే చాలు, గొట్టా బ్యారేజీ గేట్లు లేస్తాయి, లంక దారులు మునుగుతాయి. నాగావళిదీ అదే వరస. ఈ దారిలో నడవాలనుకునేవాళ్లు మన ఊరి మబ్బు చూసి కాదు, రాయగడ వైపు వాన చూసి లెక్క వేసుకోవాలి.

దారి ఇదీ. శ్రీముఖలింగంలో మధుకేశ్వరుణ్ణి చూసుకుని నరసన్నపేట, అక్కణ్ణుంచి వంశధార దాటి అరసవల్లి. మూడో రోజు శ్రీకూర్మం. తర్వాత చిలకపాలెం కూడలిలో హైవే వదిలి పొందూరు, సిగడాం మీదుగా చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల, రామతీర్థం. ఆపైన విజయనగరం, పద్మనాభం, ఆనందపురం, చివరికి సింహాచలం కొండ అడుగు. ఏ అడ్డదారి పట్టారన్నదాన్ని బట్టి 180 నుంచి 200 కిలోమీటర్లు వస్తుంది. తొమ్మిది రోజుల నడక. రోజుకి 20–25 కిలోమీటర్లు, శ్రీకూర్మం రోజు, విజయనగరం రోజు మాత్రం అందులో సగం.

ఎప్పుడు నడవాలంటే మనవాళ్లు పండగను బట్టి చెబుతారు. రథసప్తమికి అరసవల్లి, శివరాత్రికి ముఖలింగం, డోలాపౌర్ణమికి శ్రీకూర్మం, అక్షయతృతీయ నాడు సింహాచలం అప్పన్న నిజరూపం. దర్శనానికి వెళ్లేవాళ్లకి ఆ లెక్క సరే. నడిచేవాళ్లకి మాత్రం పండగ రోజు గుడి దగ్గర తలదాచుకునే చోటు దొరకదు, కాళ్లు కడుక్కునే కొళాయి దగ్గర కూడా వరసే. అందుకని పండక్కి చేరుకోవడం కాదు, రెండు పండగల మధ్య సందులోంచి జారిపోవడం మంచిది. ఆ సందు మాఘంలో ఉంది. రథసప్తమి శుద్ధ సప్తమి, శివరాత్రి బహుళ చతుర్దశి. పౌర్ణమి మర్నాడు పాడ్యమి తెల్లవారుజామున ముఖలింగంలో బయల్దేరితే నవమి నాటికి సింహాచలం కింద ఉంటాం. శివరాత్రి జనం అప్పటికింకా కదలరు.

పాడ్యమే ఎందుకంటే చంద్రుడి కోసం. ఈ నడకంతా నాలుగింటికి మొదలెట్టి పదిన్నరకల్లా ఆపేసే నడక. శుక్లపక్షంలో చాలా రోజులు తెల్లవారుజామున వెన్నెలుండదు. బహుళంలో ఉంటుంది. మొదటి మూడు నాలుగు రోజులు చంద్రుడు పడమటి వైపు వాలి మన ముందే ఉంటాడు, మనం వెళ్లేది నైరుతికి కాబట్టి. అష్టమి, నవమికి సగం చంద్రుడే అయినా నాలుగింటికి ఆకాశంలో ఉంటాడు. పొలాల మధ్య దారిలో టార్చి వెయ్యకుండా నడవొచ్చు. టార్చి వేస్తే వెలుగు పడినంత మేరే కనబడుతుంది, పక్కనున్న కుక్క కనబడదు. కుక్కల మాట వచ్చింది కనుక: ఊరు మొదట్లో చేతికర్ర నేలకి తాటిస్తూ నింపాదిగా నడవండి. పరుగెత్తారో, అవి వదలవు.

దిక్కు కూడా ముఖ్యమే. ముఖలింగం నుంచి సింహాచలానికి వస్తుంటే పొద్దున్న ఎండ ఎడమ చెంపకి, ఎడమ మెడకి తగులుతుంది. ఎదురు దిక్కుగా సింహాచలం నుంచి అరసవల్లికి నడిస్తే ఏడు నుంచి తొమ్మిది దాకా సూర్యుడు ముందు కుడిపక్క నుంచి కళ్లలోకే. సూర్యదేవుడి దగ్గరికి పోతూ సూర్యుణ్ణి తిట్టుకోవడం ఎందుకు.

మిగతా నెలల సంగతీ చెప్పాలి, ఎందుకంటే అందరికీ మాఘంలో సెలవు దొరకదు.

ఆశ్వయుజం, కార్తీకం అనగానే మనసు లాగుతుంది. వరి పండుతుంది, వేడి తగ్గుతుంది, కార్తీక సోమవారాలు ఉంటాయి. కానీ ఈ రెండు జిల్లాలకి అక్టోబరు రెండో వారమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గర ఒడ్డెక్కింది. తుపానుకి ముందు ఒక్కోసారి ఆకాశం నిర్మలంగా, గాలి ఆడకుండా ఉంటుంది, అదే నమ్మించి మోసం చేస్తుంది. అక్టోబరు మొదట్లో అరసవల్లిలో కిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడే రోజులు చూసుకుని నడక పెట్టుకునేవాళ్లున్నారు. మబ్బు పడితే కిరణాలూ లేవు, నడకా లేదు. కిరణాలే కావాలంటే మార్చి 9, 10 తేదీలప్పుడు బస్సులో వెళ్లి చూసి రావడం మేలు. ఆ రోజుల్లోనే నడవాలంటే దీపావళి దాటాక, కార్తీకంలో, వాతావరణ శాఖ అల్పపీడనం అన్న మాట అనని వారం చూసుకుని బయల్దేరండి. రోడ్డు పక్క మట్టి అప్పటికీ మెత్తగానే ఉంటుంది. లారీ వస్తే పక్కకి దిగబోతే కాలు చీలమండ దాకా దిగబడుతుంది.

పుష్యంలో తంటా చలి కాదు, మంచు. సంక్రాంతి రోజుల్లో పొద్దు పొడిచేదే ఆరున్నర దగ్గర. మంచు విడేసరికి ఏడున్నర, ఒక్కోనాడు ఎనిమిది. లారీ డ్రైవరుకి పది గజాల అవతల మనిషి కనబడడు. మంచు ఉన్నంతసేపూ హైవే ఎక్కకూడదు. అలా ఆగితే చల్లటి గంటలన్నీ కూర్చోవడంలోనే పోతాయి. పైగా భోగి నుంచి ముక్కనుమ దాకా నాలుగు రోజులూ దారిలో టిఫిన్ బళ్లు ఉండవు. రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి రాళ్లు పేర్చి ఉంటుంది. నడిచేవాడు తప్పుకోవాల్సింది లారీలు వెళ్లే సగంలోకే.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మాఘ బహుళం సరిగ్గా ఆ అంచున ఉంటుంది. తెల్లవారుజామున దుప్పటి కావాలి, తొమ్మిదింటికి చొక్కా తడుస్తుంది.

అయితే మాఘం అన్ని ఏళ్లూ ఒకేచోట ఉండదు. మాఘ పౌర్ణమి 2023లో ఫిబ్రవరి 5, 2024లో ఫిబ్రవరి 24, 2025లో ఫిబ్రవరి 12, 2026లో ఫిబ్రవరి 1. ఇరవై రోజులకు పైగా తేడా. ఫిబ్రవరి 20 దాటి వచ్చిన ఏడు నడక మార్చిలోకి జరుగుతుంది, చివరి మూడు రోజులూ తొమ్మిదికే ఎండ చురుక్కుమంటుంది. అలాంటి ఏడు ఒక నెల ముందుకి జరిగి పుష్య పౌర్ణమి మర్నాడు బయల్దేరడమే నయం. అది జనవరి చివర్లో పడుతుంది, సంక్రాంతి హడావిడి అప్పటికి అయిపోతుంది. ఫిబ్రవరి మొదట్లోనే పౌర్ణమి వచ్చిన ఏడు మాత్రం మొదటి రెండు రోజులు ఐదున్నరకి మొదలెట్టాలి, నదుల దగ్గర మంచు ఆలస్యంగా విడుతుంది.

వైశాఖంలో చందనోత్సవానికి నడిచొచ్చేవాళ్లని చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. కానీ పదింటికి తారు మీద ఉత్తకాలు మోపలేం. సముద్రపు గాలి తేమకి చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, వడదెబ్బ తగిలేది అందుకే. రాత్రి నడుద్దామంటే హైవే మీద లారీలు ఎక్కువ. ఆ కాలంలో ఒక్కటే సుఖం, చలివేంద్రాలు. మాఘంలో అవి ఒక్కటీ ఉండవు. మంచి కాలం కదా అని లీటరు సీసాతో బయల్దేరినవాళ్లు పొందూరు దాటాక పొలాల మధ్య ఇబ్బంది పడతారు. మనిషికి గంటకి అరలీటరు లెక్కన మూడు లీటర్లు, అందులో ఒక లీటరులో ఓఆర్ఎస్ పొట్లం కలిపి. ఇది దాహం వేసినా వెయ్యకపోయినా.

ఆషాఢం గురించి రెండు మాటలు చాలు. గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు ఒక్క రాత్రి పని, తడిసినా ఇంటికొచ్చి ఆరబెట్టుకుంటాం. తొమ్మిది రోజులు తడిపాదాలతో నడిస్తే వేళ్ల సందులు నాని చర్మం ఊడొస్తుంది. ఉతికిన పంచె రెండ్రోజులైనా ఆరదు.

మళ్లీ దారిలోకి వద్దాం. మడపాం దాటి సింగుపురం వచ్చేసరికి మాలో ఇద్దరికి కుడికాలి చిటికెన వేలు మంట మొదలైంది. ఇద్దరికీ కుడికాలే, అదే వేలు. కారణం చెప్పుల్లో లేదు. ఎదురుగా వచ్చే బండ్లు కనబడాలని రోడ్డుకి కుడివైపు నడుస్తాం. వాన నీళ్లు జారిపోవడానికి తారు అంచువైపు వాలుగా ఉంటుంది. కుడిపాదం ఎప్పుడూ పల్లంలో పడుతుంది, పాదం బయటికి జారి చిటికెన వేలు చెప్పు గోడకి ఒరుసుకుంటుంది. 25 కిలోమీటర్లంటే ఒక్కో కాలికి 16, 17 వేల అడుగులు. అన్నిసార్లూ అదే వేలు. మేం చేసిందల్లా, ఆ వేలికి నూలు ప్లాస్టరు ముందే చుట్టడం, హైవే వదిలాక బండ్లు లేని చోట రోడ్డు నడిమధ్యన, మిట్ట మీద నడవడం. నాలుగో రోజు నుంచి కొత్త బొబ్బ లేదు. అప్పటికే లేచిన బొబ్బని కాల్చిన సూదితో అంచున పొడిచి నీరు తీసి, పైచర్మం అలాగే ఉంచి కట్టు కట్టాం. చర్మం కత్తిరిస్తే మర్నాడు నడక లేనట్టే.

అరసవల్లికి పదిన్నరకల్లా చేరాలి. మధ్యాహ్నం గుడి తలుపులు వేస్తారు, ఆలస్యమైతే సాయంత్రం దాకా ఆగాలి. శ్రీకూర్మం అక్కడికి పద్నాలుగు పదిహేను కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు నడిచి, వచ్చేటప్పుడు బస్సెక్కాం. తిరుగు నడక కూడా కలిపితే మర్నాటి పొందూరు నడక చెడుతుంది. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. డోలోత్సవం ఇంకా నెల దూరంలో ఉంది కాబట్టి శ్వేత పుష్కరిణి మెట్ల మీద తీరిగ్గా కూర్చోగలిగాం.

చిలకపాలెం నుంచి పొందూరు రోడ్డు మీదే అసలు నడక మొదలైనట్టు. మామిడి తోటల్లో పూత, గట్ల మీద రేగుపళ్లు, సంతల్లో శివరాత్రి కోసం వచ్చిన చిలగడదుంపలు. పొందూరులో సన్న ఖద్దరు చూడకుండా వెళ్లకండి. వడికే ముందు కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, ఆ పళ్ల మధ్య చెత్తా నలుసూ ఆగిపోతాయి. ఆ సన్నపాటి తువ్వాలు ఒకటి కొనుక్కుంటే పదకొండుకి ఉతికితే ఒంటిగంటకి ఆరుతుంది. ముతక తువ్వాలు సాయంత్రం మూడైనా తడితడిగానే ఉంటుంది. సంచి మొత్తం ఐదారు కిలోలు దాటకూడదనుకునేవాడికి అది చిన్న సంగతి కాదు.

పొందూరు నుంచి విజయనగరం దాకా దారి రైలు పట్టాల వెంటే ఉంటుంది. సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల అన్నీ స్టేషన్లున్న ఊళ్లే. ఎవరికైనా మోకాలు పట్టేస్తే అక్కడ పాసింజరు ఎక్కించి ముందు మజిలీకి పంపొచ్చు. కొత్తవాళ్లను తీసుకెళ్తున్నప్పుడు పొడవైన నడకలన్నీ ఈ పట్టాల పక్కనే పెట్టుకోవాలి. గరివిడి చుట్టుపక్కల మాంగనీసు లారీల ధూళి ఉంటుంది. తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని ఏడులోపు ఆ ముక్క దాటేయడం మంచిది.

రామతీర్థంలో రాత్రి వసారాలో పడుకుంటే మంచు దుప్పటి మీదే కురుస్తుంది. పైన పలచటి ప్లాస్టిక్ పట్టా ఒకటి కప్పుకోవాలి. దోమలకి అది చాలదు, దోమతెర వేరే ఉండాల్సిందే. మర్నాడు విజయనగరం పన్నెండు పదమూడు కిలోమీటర్లే, కాళ్లకి విశ్రాంతి రోజు. మందుల షాపు, చెప్పుల బాగుచేత, బట్టలు ఉతకడం అన్నీ ఆ రోజుకి ఉంచుకోండి.

పద్మనాభంలో అనంతుడి కొండ వెయ్యికి పైగా మెట్లు. మేం కింద స్వామిని చూసుకుని ఊరుకున్నాం. మర్నాడే అన్నిటికన్నా పొడవైన నడక, ఆనందపురం మీదుగా అడవివరం దాకా. ఆనందపురం దాటాక బండ్ల రద్దీ ఎక్కువ, చీకట్లో ఆ ముక్క నడవకూడదు. అందుకని ఆ ఒక్కరోజే మూడింటికి లేచి పల్లెదారి చీకట్లో, పెద్దరోడ్డు వెలుగులో వచ్చేలా చూసుకున్నాం. వీపుకీ సంచికీ మెరిసే పట్టీ అంటించుకుంటే మరీ మంచిది.

నవమి నాడు కొండ ఎక్కలేదు. పదకొండుకి కొండ మెట్లు మొదలయ్యే తొలి పావంచా దగ్గరికి వచ్చి కొబ్బరికాయ కొట్టి, కింద పడుకుని, దశమి తెల్లవారుజామున మెట్లెక్కాం. ఎక్కడానికి కాళ్లు బాగానే సహకరించాయి. దిగేటప్పుడు మాత్రం బస్సెక్కేశాం. తొమ్మిది రోజుల తర్వాత మోకాళ్లకి మెట్లెక్కడం కన్నా దిగడమే ఎక్కువ పని, ఒంటి బరువంతా ప్రతి మెట్టుకీ మోకాలి చిప్ప మీదే పడుతుంది.