కోరింగ మడ పాయల్లో జాడలు వెతుకుతూ

కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో వస్తుంది కోరింగ అభయారణ్యం. 1978లో ప్రకటించారు; విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. చేపలు పట్టి తినే బావురుపిల్లి, నీటికుక్క ఏ పాయల్లో తిరుగుతున్నాయో చూడటానికి పడవలో లోపలికి వెళ్ళాం.

బయలుదేరే వేళ పోటుపాటుల్ని బట్టే ఉంటుంది. నీరు తీస్తున్నప్పుడు గట్ల బురద బయటపడుతుంది, కొత్త జాడలు దొరికేది అప్పుడే. మళ్ళీ పోటెక్కితే అన్నీ చెరిగిపోతాయి. మరీ ఆలస్యం చేస్తే చిన్న పాయల్లో పడవ బురదకెక్కి కూర్చుంటుంది.

ఒక వంపులో, గట్టు మీద నీటికుక్కల మలం కనిపించింది. నిండా చేప పొలుసులు, పీత డిప్పల ముక్కలు, ఘాటైన నీచు. నీటికుక్కలు ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వస్తాయి గనక జీపీఎస్‌లో గుర్తు పెట్టుకున్నాం. పచ్చిదా, ఎండినదా అన్నది విడిగా రాయాలి. లేదంటే పాతదే మళ్ళీ లెక్కలోకి వస్తుంది. అడుగుజాడలైతే గట్టి బురదలోవే కొలవాలి. జారుడు బురదలో జాడ విచ్చుకుని, జంతువు ఉన్నదానికంటే పెద్దదిగా అనిపిస్తుంది.

బావురుపిల్లి ఒంటి మచ్చలు కుడివైపు ఒకలా, ఎడమవైపు ఒకలా ఉంటాయి. రెండు పక్కలా ఫొటో లేకపోతే ఒకే పిల్లిని రెండుగా లెక్కేస్తాం. అందుకే పిల్లి నడిచే దారికి అటొకటి, ఇటొకటి, కదలికకు దానంతటదే ఫొటో తీసే కెమెరా, మోకాలెత్తున. సరిగ్గా ఎదురెదురుగా పెడితే ఒకదాని ఫ్లాష్ మరోదానిలోకి కొడుతుంది, కాస్త పక్కకు జరపాలి. అమావాస్య, పౌర్ణమి పోట్లకు నీరు ఎక్కడిదాకా ఎక్కిందో చెట్టు కాండం మీది బురద మరక చెబుతుంది. అది మోకాలి కంటే పైనుంటే ఆ చెట్టు పనికిరాదు, మెరక చోటు వెతకాల్సిందే. కెమెరాను నీటివైపు తిప్పితే ఎండకు మెరిసే అలలకే క్లిక్‌మంటూ కార్డు నిండిపోతుంది. ఉప్పుగాలికి బ్యాటరీ కొసలు చిలుము పడతాయి, లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఉండాలి.

మడ మధ్యలో ఒకచోట చెట్టు లేని బయలు, పైన ఉప్పు పొర. జాడ ఒక్కటీ లేదు. పెద్ద పోటుకు ఎక్కిన నీరు పల్లంలో నిలిచి, ఎండకు ఇగిరి, ఉప్పు మిగుల్చుతుంది. అలాగే వదిలేసి మొక్కలు నాటితే డబ్బు దండగ. ముందు నీటికి దారి కావాలి: పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి చేపముల్లులా ఇరుపక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు. రోజూ పోటుపాట్లు ఆడితే ఉప్పు కడుక్కుపోతుంది. తెల్లమడ మొక్కలు కాలువ వాలులో నాటాలి. అడుగున మునిగిపోతాయి, పైన ఎండిపోతాయి. నీటికుక్కలు వాడే గట్టును మాత్రం కాలువ కోసం కొట్టకూడదు, మా గుర్తులు ముందుగా అక్కరకొచ్చేది ఇందుకే.

తవ్వాక ముందుగా చేరేవి పీతలు. మీటరు చదరపు చట్రం వేసి వాటి బొరియలు లెక్కపెట్టాలి, ఏటా అదే కాలంలో, అదే చోట.