తేలిక స్లాంట్ రేజర్ గురించి నా మాట
అల్యూమినియం స్లాంట్ రేజర్ అలవాటయ్యాక, బరువైన ఇత్తడి రేజర్ పక్కనే ఉన్నా చెయ్యి దాని మీదకు పోవడం లేదు. మామూలు సేఫ్టీ రేజర్‌లో బ్లేడు తిన్నగా కూర్చుంటుంది. ఇందులో కాస్త మెలితిరిగి ఏటవాలుగా బిగుసుకుంటుంది. అందుకే వెంట్రుకను ఎదురుగా నెట్టకుండా, కత్తిని జారుస్తూ కోసినట్టు కోస్తుంది. ఆ మెలికతో బ్లేడు బిగువుగా ఉండి అదరదు కూడా. గడ్డం కింద బిరుసు వెంట్రుకల దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది, లాగుడే ఉండదు!

బరువు సంగతికొస్తే, అల్యూమినియం ఇత్తడిలో దాదాపు మూడో వంతే తూగుతుంది. మెడ మీద, ముక్కు కింద ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. కానీ బరువైన రేజర్ తన బరువుతోనే పని చేసుకుపోతుంది, ఇది అలా కాదు. దాంతో తెలియకుండానే నొక్కాలనిపిస్తుంది. స్లాంట్‌ని నొక్కితే చర్మం తెగుతుంది. పిడి చివర వేళ్లతో వదులుగా పట్టుకుని, కోణం చూసుకుంటూ, చిన్న చిన్నగా గీయాలి. రేజర్ తల ఒరిగి ఉంటుంది కాబట్టి సైడ్‌లాక్స్ అంచు తిన్నగా తీయడం ఇబ్బందే.

మొదటిసారి సేఫ్టీ రేజర్ పట్టేవాళ్లకు దీన్ని చెప్పను. బిరుసు గడ్డం ఉండి, చెయ్యి కుదిరినవాళ్లు మాత్రం తప్పక వాడి చూడండి.