ఐదు సెంట్ల గుమ్మడి, వెయ్యి లీటర్ల ట్యాంకు

మాది అనంతపురం దగ్గర ఎర్రనేల. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన పడే చోటు. గింజల కోసమని తీపి గుమ్మడి వేయడం ఇది రెండోసారి. పోయినసారి కాయలు బాగానే వచ్చాయి కానీ కోసి చూస్తే సగం గింజలు తాలు. కాయ బాగా ఊరింది కదా, ఇక చాలని నీళ్లు తగ్గించేశాను. గింజలో పప్పు నిండేది ఆ తర్వాతేనని అప్పుడు నాకు తెలియదు.

అక్టోబరు 6: ఐదు సెంట్లలో 40 పాదులు. వరుసల మధ్య రెండున్నర మీటర్లు, పాదుల మధ్య రెండు. పాదుకు ఒక గంప బాగా చివికిన పశువుల ఎరువు, నీళ్లు బొట్టుబొట్టుగా వదిలే డ్రిప్పర్లు రెండు. నీళ్లు రెండు మీటర్ల దిమ్మె మీది వెయ్యి లీటర్ల ట్యాంకు నుంచి. కరెంటు ఉన్నప్పుడు బోరుతో నింపుకుంటాను.

అక్టోబరు 9: డ్రిప్పర్ మీద గంటకు 4 లీటర్లని ఉంది. నమ్మకుండా కింద సీసా పెట్టి 15 నిమిషాలు కూర్చున్నాను. లీటరు రావాల్సింది, 450 మిల్లీలీటర్లే వచ్చాయి. చివరి వరుసలో 350. ట్యాంకు ఎత్తుకు వచ్చే ప్రెషర్ అంతే మరి. అంటే పాదుకు గంటకు 8 లీటర్లు పడుతున్నాయని పోయిన ఏడాదంతా నేను వేసుకున్న లెక్క తప్పు, పడింది మూడున్నర. డ్రిప్ పెట్టుకునేవాళ్లు ముందు ఈ సీసా పరీక్ష తప్పకుండా చేయండి.

నవంబరు 2: తీగలు సాగుతున్నాయి. రోజు మార్చి రోజు, పాదుకు 10 లీటర్లు. మొదళ్ల చుట్టూ నాలుగు వేళ్ల మందాన శనక్కాయ పొట్టు పరిచాను. మధ్యాహ్నం ఆకులన్నీ గొడుగు ముడిచినట్టు వాలిపోతే టెన్షన్ పడి వాల్వు తిప్పబోయాను. పక్క తోట మామ ఆపి, "సాయంత్రం దాకా చూడు అల్లుడూ" అన్నాడు. ఆరింటికల్లా అన్నీ లేచి నిలబడ్డాయి. అప్పటి నుంచి ఆకును చూసి నీళ్లు పెట్టడం మానేశాను. పొట్టు తప్పించి, జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కుతాను. ముద్ద కడితే ఆ రోజు నీళ్లు వద్దు, పొడిపొడిగా రాలితే వాల్వు తిప్పాలి.

నవంబరు 25: మగపూలు వచ్చిన వారానికి ఆడపూలు. కింద గోలీ అంత పిందె ఉంటే అది ఆడపువ్వు. తేనెటీగలు తక్కువగా కనిపించాయి, అందుకని పొద్దున ఏడు లోపే మగపువ్వు రేకులు తుంచి పుప్పొడి అద్దాను. పుప్పొడి సరిగా అందకపోయినా గింజలు తాలు పోతాయి. తీగకు రెండు కాయలే ఉంచాను.

డిసెంబరు: ఈ నెలంతా రోజూ పాదుకు 12 లీటర్లు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. ఒక్క రోజూ ఎగ్గొట్టలేదు. నెల మధ్యలో ఆరు డ్రిప్పర్లు మూసుకుపోయాయి, బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుంది. రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే వదిలింది. వారానికోసారి పైపుల చివరి మూతలు తీసి నీళ్లు వదలడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

జనవరి 10: నీళ్లు సగానికి తగ్గించాను. గొబ్బెమ్మల కోసం పిల్లలు వస్తే మిగిలిన మగపూలు కోసిచ్చాను. 17 నుంచి నీళ్లు పూర్తిగా ఆపేశాను.

జనవరి 24: తొడిమలు బెండులా ఎండాయి, తొక్కలో గోరు దిగడం లేదు. తొడిమతో సహా కోసి వసారాలో నీడకు పెట్టాను.

ఫిబ్రవరి 14: మూడు వారాలు ఆగి ఆరు కాయలు కోశాను. గింజలు కడిగి, నీడలో గుడ్డ మీద ఆరబోశాను. వంచితే వంగకుండా టక్కున విరిగేదాకా ఆరాలి. చేటలో చెరిగితే తాలు గుప్పెడు కూడా రాలేదు. వంద గింజలు 12 గ్రాములు తూగాయి, పోయినసారి 7. చివరి వరుస కాయవి మాత్రం 9 దగ్గరే ఆగాయి. వచ్చే పంటకు మెయిన్ పైపును వరుసల చివర కాకుండా మధ్యలోకి మార్చి, మళ్లీ సీసా పెట్టి చూడాలి.