'వేసుకుంటున్నానండీ' అని ఏడు నెలలు

నేను బీపీ మందు మానేసిన మనిషిని కాదు. మానెయ్యాలంటే ముందు మొదలుపెట్టాలి కదా, నేను అసలు మొదలే పెట్టలేదు.

44 ఏళ్లప్పుడు మామూలు హెల్త్ చెకప్‌లో 164/102 వచ్చింది. మెట్లెక్కి వచ్చాను కాబట్టి అంతే ఉంటుందిలే అనుకున్నా. డాక్టరుగారు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోమని, వీపు కుర్చీకి ఆనించి, కాళ్లు నేల మీద పెట్టించి, చెయ్యి బల్ల మీద ఉంచి మళ్లీ చూశారు. 160/100. రెండు వారాలాగి వెళ్తే అప్పుడూ అదే వరస. అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రోజుకొకటి వేసుకుని నెల తర్వాత రమ్మని రాసిచ్చారు.

మందు కొన్నాను. ఇంటికొచ్చి దాంతోపాటు ఇచ్చిన కాగితం మడతలు విప్పి, ఆ చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న సైడ్ ఎఫెక్టులన్నీ చదివాను. తలనొప్పి, కాళ్ల వాపు, గుండెదడ. నాకేమో ఒంట్లో ఒక్క బాధ కూడా లేదు. లేని బాధకి మందేసుకుని ఉన్న బాధలు తెచ్చుకోవడమేంటి అనిపించింది. ఒక మాత్ర రేకులోంచి నొక్కి అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశా కూడా, కందిగింజంత ఉంది. అప్పుడు నాన్న మంచం పక్కనుండే మాత్రల డబ్బా గుర్తొచ్చింది. ఇది ఇవాళ మింగానంటే ఇక రోజూ మింగాల్సిందే, నేనూ ఆ లెక్కలోకి వెళ్లిపోయినట్టే. రేపటి నుంచి చూద్దాంలే అనుకున్నాను. తీసిన మాత్ర మళ్లీ రేకులోకి దూరదు కదా, చిన్న కాగితంలో చుట్టి పర్సులో పెట్టుకున్నా. స్ట్రిప్పు సొరుగులోకి పోయింది.

నిజం చెప్పాలంటే 'వేసుకోను' అని నేను ఏ రోజూ నిర్ణయించుకోలేదు. ఆ రోజుకి వేసుకోలేదు, అంతే. అలాంటి రోజులు రెండు వందల పైన అయ్యాయి.

మధ్యలో ఇంట్లో చూసుకునే బీపీ మిషన్ కూడా కొన్నాను, చూడండి నా తెలివి. మొదట 162 వస్తే మిషన్ సరిగ్గా చుట్టలేదని, తర్వాత 157 వస్తే టెన్షన్‌లో ఉన్నానని, అలా ఐదారుసార్లు నొక్కి చివరికి 146 వచ్చినప్పుడు దాన్ని మాత్రం పుస్తకంలో రాసుకునేవాణ్ణి. నిజానికి ఇంట్లో 135/85 దాటితేనే ఎక్కువ కింద లెక్క. అంటే నేను ఏరుకుని రాసుకున్న అంకె కూడా ఎక్కువే.

అసలు తప్పు నెల తర్వాత చేశాను. డాక్టరుగారు "మాత్ర రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగారు. "ఆఁ, వేసుకుంటున్నానండీ" అన్నాను. ముందుగా అనుకున్నది కాదు, నోట్లోంచి అలా వచ్చేసింది. ఆయన బీపీ చూసి, తగ్గలేదే అని 10కి పెంచారు. ఇంకో రెండు నెలలకి వెళ్తే అప్పుడూ అదే ప్రశ్న, నాదీ అదే జవాబు. ఇంకో మందు కలిపారు. మందులకి లొంగట్లేదంటే కారణం ఇంకేదైనా ఉందేమోనని కిడ్నీ పరీక్షలు, స్కానింగ్ రాశారు. అవన్నీ చేయించుకున్నాను కూడా! ఒక్క అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి సూదులు పొడిపించుకుని, ఖాళీ కడుపుతో వరసలో కూర్చున్నాను. అన్నీ నార్మల్ వచ్చాయి. ఆయన పాపం తల గోక్కున్నారు.

ఇంట్లో అక్క ఒక్కతే వదిలేది కాదు. "ఏరా, వేసుకుంటున్నావా?" అని ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది. దానికీ అదే మాట చెప్పాను.

ఏడో నెలలో చిన్న అక్షరాలు మసగ్గా కనబడుతుంటే, చత్వారం వచ్చిందేమో, అద్దాలు రాయించుకుందామని కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ చుక్కలు వేసి, లోపలికి లైటు కొట్టి చూశారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీకు బీపీ ఉందా?" అన్నారు. ఉందన్నాను. "మందు వాడట్లేదు కదూ?" అన్నారు. వాడుతున్నారా అని కాదు, వాడట్లేదు కదూ అని. స్క్రీన్ మీద నా కంటి ఫోటో చూపించారు. నారింజ రంగు చందమామలా ఉంది, దాని మీద కుంచె విదిల్చినట్టు సన్నగా ఎర్రటి చారలు. అవి రక్తమట. ఇంకోచోట దూదిపింజ అంటించినట్టు తెల్లటి మచ్చ. ఒంట్లో రక్తనాళాల్ని కోయకుండా నేరుగా చూడగలిగే చోటు కన్నేనని, ఇక్కడ ఇలా ఉందంటే మెదడులో, కిడ్నీలో ఎలా ఉన్నాయో ఆలోచించుకోమని అన్నారు. మర్నాడే మీ డాక్టరుకి కనబడమని ఉత్తరం కూడా రాసిచ్చారు.

ఆ రాత్రి భయంతో సొరుగులో ఉన్నవన్నీ, పెంచిన డోసుతో సహా, ఒకేసారి మింగేద్దామనుకున్నాను. అక్కకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నా. "ఇవాళ ఏమీ మింగకు, రేపు నేనూ వస్తా" అంది. అంతే.

డాక్టరుగారి దగ్గర "ఒక్కటి కూడా వేసుకోలేదండీ" అనడానికి ఎంత సేపు పట్టిందో! ఆయన పెన్ను పక్కన పెట్టి ఫైలు వెనక్కి తిప్పుకుంటూ వెళ్లారు, పెంచిన డోసు కొట్టేశారు, రెండో మందు కొట్టేశారు. నిన్న అవన్నీ మింగి ఉంటే బీపీ ఒక్కసారిగా పడిపోయేదని, అదీ ప్రమాదమేనని చెప్పారు. మళ్లీ 5తోనే మొదలు.

మొదటి మాత్ర వేసుకున్న రెండు గంటలకే మిషన్ పెట్టి చూశాను, ఏం మారలేదు. అది నెమ్మదిగా పనిచేసే మందట, పూర్తి ఫలితం తెలియడానికి వారం రెండు వారాలు పడుతుందట. తలనొప్పి నాలుగు రోజులుండి పోయింది. ఆరు వారాలకి 138/88. తర్వాత సాయంత్రాలు మేజోళ్లు విప్పితే లోతుగా గీత పడేది, చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. ఈసారి దాచకుండా చెప్పాను. టెల్మిసార్టాన్ అనే వేరే బీపీ మందుకి, 40 మిల్లీగ్రాములకి మార్చి, మూడు వారాల తర్వాత కిడ్నీల పని తెలిసేలా రక్తంలో క్రియాటినిన్, పొటాషియం చూశారు. వాపు పోయింది. ఇంత సులువుగా మార్చుకోవచ్చని తెలిస్తే ఆ కాగితం చదివి అంత బెదిరేవాణ్ణి కాదేమో. (నాకు రాసినవి నావి, పేరు చూసి ఎవరూ కొనేసుకోకండి.)

బీపీ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నేను తెలిసిన సగంలో ఉండి చేసిన నిర్వాకం ఇది.

నాలుగు నెలల తర్వాత కంటి ఫోటో మళ్లీ తీస్తే ఎర్ర చారలు లేవు, తెల్ల మచ్చ లేదు. నాళాలు కాస్త సన్నబడ్డవి మాత్రం అలాగే ఉన్నాయి. చత్వారం కూడా నిజంగానే ఉంది, అద్దాలు వచ్చాయి. బీపీ ఇప్పుడు 128/80 దగ్గర ఉంటోంది, మిషన్ రెండుసార్లే నొక్కి రెండూ రాస్తున్నాను. పోయిన వారం పర్సు దులుపుతుంటే ఆ కాగితం పొట్లం దొరికింది, విప్పితే లోపల తెల్లటి పొడి. ఫోటో తీసి అక్కకి పంపాను. "ఇవాల్టిది వేసుకున్నావా?" అని జవాబొచ్చింది. లేదు, మర్చిపోయాను. లేచి వెళ్లి వేసుకున్నాను.