హెడ్‌సెట్ ముందుగా ఎవరు పెట్టుకోవాలి?

ఫ్యాక్టరీలో తయారై సైటుకు చేరే ప్రీఫ్యాబ్ భవనాల విషయంలో వర్చువల్ రియాలిటీ (కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని కంప్యూటర్ మోడల్ లోపలే ఉన్నట్టు చూడటం) మాట వచ్చినప్పుడల్లా, ఇంకా కట్టని ఇంట్లో కొనుగోలుదారును తిప్పి చూపించడం గురించే ఎక్కువగా చెబుతారు. అదీ ఉపయోగమే, కాదనను. కానీ నా దృష్టిలో ఆ హెడ్‌సెట్ మీద మొదటి హక్కు సైటులో ఆ భాగాలను నిలబెట్టి బిగించే మేస్త్రీలకూ, గొట్టాలు కలిపే ప్లంబర్లకూ, ఏళ్ల తర్వాత మరమ్మతుకు వచ్చే పనివారికీ ఉంది.

ఇటుకల గోడలో పైపుకు చోటు వదలడం మరిచిపోతే సుత్తీ ఉలీ పట్టుకుని సరిచేసుకోవచ్చు. ప్రీకాస్ట్‌లో, అంటే ఫ్యాక్టరీలో ముందే పోతపోసిన కాంక్రీటు భాగాల్లో, ఆ వెసులుబాటు ఉండదు. అచ్చులో ఇనుము కట్టి, పైపులు దూరే స్లీవ్‌లు అమర్చి, కాంక్రీటు పోశాక రంధ్రం చేయాలంటే లోపలి కడ్డీ తెగవచ్చు. ప్రీస్ట్రెస్ చేసిన, అంటే లోపలి ఉక్కు తీగలను గట్టిగా లాగి బిగించిన శ్లాబులోనైతే బరువు మోసే తీగే తెగి, ఆ శ్లాబు బలమే తగ్గిపోవచ్చు. పైగా ఒకే అచ్చు నుంచి పదుల కొద్దీ భాగాలు వస్తాయి కాబట్టి ఒక్క పొరపాటు అన్నిటిలోనూ అచ్చుగుద్దినట్టు పునరావృతమవుతుంది. అందుకే డిజైన్‌కు తుది ఆమోదం ఇచ్చే తేదీకి ముందు హెడ్‌సెట్‌తో చేసే పరిశీలనకే విలువ ఉంటుంది. ఆ తేదీ దాటాక చేసేది ప్రదర్శన మాత్రమే.

ఈ పరిశీలనలో భాగాలు కలిసే అతుకులను తప్పక చూడాలని నేను పట్టుబట్టడానికి ఒక కారణం లండన్‌లోని రోనన్ పాయింట్. ముందే పోతపోసిన కాంక్రీటు పలకలతో కట్టిన ఆ 22 అంతస్తుల భవనంలో 1968 మే 16న 18వ అంతస్తులో గ్యాస్ పేలింది. బరువు మోసే గోడపలక బయటికి ఎగిరిపోవడంతో ఒక మూల మొత్తం కూలి నలుగురు చనిపోయారు. 1986లో ఆ భవనాన్ని విడదీసినప్పుడు, పలకల మధ్య అతుకులు చాలాచోట్ల సరిగా నింపలేదనీ, వాటిలో పాత వార్తాపత్రికల వంటి చెత్త ఉందనీ బయటపడింది. పలక ఫ్యాక్టరీలో తయారైనా అతుకు వేసేది సైటులో, ఎత్తున, గాలిలో నిలబడిన మనిషి. ఆ మనిషి చెయ్యి అక్కడికి చేరుతుందా, అతుకులో పోసే గ్రౌట్ (సిమెంటు మిశ్రమం) నిండిందో లేదో కంటికి కనబడుతుందా అన్నది కాగితం మీద తేలే విషయం కాదు.

ఫ్యాక్టరీలోనే పూర్తిగా తయారయ్యే స్నానాల గది మాడ్యూల్‌నే తీసుకుందాం. తలుపు పలక వెనక గొట్టాలు వెళ్లే సన్నని షాఫ్ట్, అందులో నీటి వాల్వ్, పక్కనే గాలి డక్ట్ ఉంటాయి. ఏ వస్తువూ మరో వస్తువును తాకడం లేదు కాబట్టి బిమ్ మోడల్‌లో (భవనం త్రీడీ కంప్యూటర్ నమూనాలో) క్లాష్‌లు, అంటే ఒకదాన్నొకటి ఢీకొనే భాగాలు, వెతికే సాఫ్ట్‌వేర్ అంతా సవ్యంగా ఉందనే చెబుతుంది. హెడ్‌సెట్ పెట్టుకున్న ప్లంబర్ మోకాళ్ల మీద కూర్చుని, తల లోపలికి వంచి, చెయ్యి చాచేసరికి మోచెయ్యి డక్ట్‌లోంచి దూరిపోతుంది. ఆరు పలకల నట్టును మామూలు స్పానర్‌తో తిప్పాలంటే ఒక్కో పట్టుకు 60 డిగ్రీలు, స్పానర్‌ను తిరగేసి పట్టినా 30 డిగ్రీల చోటు కావాలి. ఆ చోటు లేదని అప్పుడే తెలిస్తే, డక్ట్‌ను కాస్త పక్కకు జరపడం మోడల్‌లో చిన్న పని.

అయితే ఈ సాధనానికి ఒక పెద్ద లోటుంది: చెయ్యి డక్ట్‌లోంచి దూరిపోతున్నా ఏదీ అడ్డు తగలదు, పనిలో మునిగిన మనిషి దాన్ని గమనించకపోవచ్చు. అందుకే షాఫ్ట్ కొలతలకు సరిపోయే ప్లైవుడ్ చట్రాన్ని నిజంగానే నిలబెట్టి, మోడల్‌ను దానిమీద సరిగ్గా కూర్చోబెట్టి చూడటం మేలు.

మరో చిక్కు వేగానిది. 2016లో మార్కెట్‌లోకి వచ్చిన ఓకులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్ అనే హెడ్‌సెట్లు రెండూ సెకనుకు 90 చిత్రాలు చూపేలా తయారయ్యాయి. అంటే ఒక్కో చిత్రానికి దక్కేది సుమారు 11 మిల్లీసెకన్లు. బరువైన బిమ్ మోడల్ ఆ వేగాన్ని అందుకోలేకపోతే చూసేవారికి తల తిరుగుతుంది. దాంతో మోడల్‌ను తేలిక చేయాలని మొదట బోల్టులు, పైపు క్లాంపులు, ఇన్సులేషన్ మందం తీసేస్తారు. మేస్త్రీ చూడవలసినవి అవే! దూరపు గదులనూ ఫర్నిచర్‌నూ తొలగించి, పరిశీలించే అతుకును మాత్రం చివరి నట్టు దాకా ఉంచాలన్నది నా మాట.

క్రేన్ ఆపరేటర్ ఎత్తవలసిన మాడ్యూల్‌ను ముందుగా తన క్యాబిన్ దృష్టి నుంచి చూసుకుని, ఏ క్షణంలో అది కంటికి కనబడకుండా పోతుందో, సంకేతాలిచ్చే మనిషి ఎక్కడ నిలబడాలో తేల్చుకోవడం కూడా మంచి ఉపయోగమే.

చివరగా, మోడల్‌లో ప్రతి భాగమూ గీసిన చోటే ఉంటుంది. సైటులో అలా ఉండదు. ఫ్యాక్టరీలో కొన్ని మిల్లీమీటర్లు, పునాదిలో కొన్ని, నిలబెట్టేటప్పుడు మరికొన్ని తేడాలు కలిసి పై అంతస్తుకు వెళ్లేకొద్దీ పెరగవచ్చు. కాబట్టి అనుమతించిన తేడా ఎంతో, అంత మేరా మాడ్యూళ్లను మోడల్‌లో కావాలనే పక్కకు జరిపి, ఆ చెడు స్థితిలో బోల్టు ఎక్కుతుందో లేదో మేస్త్రీ చేత మరోసారి చూపించాలి. ఆ రెండో పరిశీలన పూర్తయ్యాకే అచ్చుల తయారీకి అనుమతి ఇవ్వాలని నేను కోరతాను.